బధిరులకు వ్యసన విముక్తి, మానసిక ఆరోగ్య సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ ఎవరో ఒకరు ఆసుపత్రి వరండాలోనో, ఫోనులోనో నన్ను అడిగినవే. నేను సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్‌ని. అమ్మానాన్నలిద్దరూ బధిరులు కాబట్టి నోటి మాట కంటే ముందే చేతి మాట వచ్చింది. డాక్టరును కాను, మాత్రల మోతాదు గురించి నన్ను అడగవద్దు. డాక్టరు గదిలో మాట ఎక్కడ దారి తప్పుతుందో మాత్రం చెప్పగలను.

మా తమ్ముడు బధిరుడు. తాగుడు బాగా ముదిరింది. ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి?

దగ్గరలోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి. హైదరాబాదులో అయితే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖపట్నంలో అయితే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. మద్యం, గంజాయి వంటివి మానేందుకు సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446. మీ జిల్లాలో ఏ కేంద్రం ఉందో అక్కడ అడగవచ్చు.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రమైతే బోర్డు చూసి లోపలికి వెళ్లకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదైందా, రాత్రిపూట డాక్టరు అందుబాటులో ఉంటారా, బధిరుడు తన ఫోను దగ్గర పెట్టుకోవచ్చా అని అడగండి. మూడో ప్రశ్నకు అక్కడివాళ్లు వింతగా చూస్తారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇంకొక్క మాట. తమ్ముడిని ‘తీసుకెళ్లడం’ గురించి అడిగారు. ఎక్కడికి వెళ్తున్నామో అతనికి చెప్పారా? ఇంట్లో అందరూ మాట్లాడుకుని నిర్ణయం చేసేసి, చివరికి అతనికి ‘పద’ అని ఒక్క సైగ చేస్తారు. తాను ఎక్కడికి వచ్చాడో ఆసుపత్రి గేటు చూశాక గానీ అతనికి తెలియదు. చికిత్స మొదలు కాకముందే నమ్మకం పోవడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

ఇంట్లోనే ఉంచి, ఒక్కసారిగా మాన్పించేస్తే?

వద్దు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవారు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవారికి ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. ఆ తరువాతి రెండు మూడు రోజుల్లో కొందరు మతి తప్పి, లేనివి ఉన్నట్టు చూస్తారు. దీన్ని ఆసుపత్రిలో మందులతో, విటమిన్లతో అదుపులో పెడతారు.

బధిరుల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చేతులు వణికితే సంజ్ఞలు చెదిరిపోతాయి. మనకు నాలుక తడబడినట్టే అది. మామూలు రోగి పొంతన లేకుండా మాట్లాడితే నర్సుకు వెంటనే తెలుస్తుంది. బధిర రోగి సంజ్ఞలకు పొంతన తప్పితే, అసలు సంజ్ఞలే తెలియని నర్సుకు తేడా ఎలా తెలుస్తుంది? అందుకే భాష తెలిసినవారు ఒకరు మొదటి నాలుగు రోజులూ దగ్గర ఉండి, ‘ఇతను చెబుతున్నది మాకు కూడా అర్థం కావడం లేదు’ అనిపించిన క్షణం డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.

వినపడదు, అంతే కదా. కాగితం మీద రాసి చూపిస్తే సరిపోదా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. జవాబు కొంచెం పెద్దది.

భారతీయ సంజ్ఞా భాష అంటే తెలుగును చేతులతో పలకడం కాదు. దానికి వేరే వ్యాకరణం ఉంది. ‘ఎక్కడ’, ‘ఎందుకు’ లాంటి ప్రశ్న పదాలు వాక్యం చివర వస్తాయి. కనుబొమలు, భుజాలు, చూపు అన్నీ వ్యాకరణంలో భాగమే. పుట్టుకతో బధిరులైనవారికి రాత తెలుగు చెవిన పడని భాష. బడిలో కష్టపడి నేర్చుకున్న పరాయి భాష. బాగా చదివి రాసేవారు లేకపోలేదు. కానీ పదో తరగతి పాసయ్యారు కదా అని, మానసిక వేదనను తెలుగులో రాసి చెప్పమంటే, మీకు దంతం నొప్పి వచ్చినప్పుడు ఫ్రెంచిలో రాసి చెప్పమన్నట్టే.

పైగా మన తెలుగు ఎంత గడుసుదో చూడండి. ఒక ఆసుపత్రిలో కౌన్సెలర్ ఓపికగా, పెద్ద అక్షరాలతో రోగికి ఇలా రాసి ఇచ్చారు: ‘ఎట్టి పరిస్థితుల్లోనూ మందు మానకూడదు.’ అతను కాగితం చదివాడు, కౌన్సెలర్ ముఖం వంక చూశాడు, మళ్లీ చదివాడు. తరువాత నా వైపు తిరిగి బొటనవేలు నోటి దగ్గర పెట్టి, ‘ఈ మందేనా? మానకూడదా?’ అని అడిగాడు. అతని ముఖంలో అనుమానం కంటే ఆశే ఎక్కువ కనిపించింది. సారా మందే, మాత్ర మందే, పొలంలో కొట్టేది కూడా మందే. మనం గొంతు మార్చి, సందర్భం చూసి ఈ మూడింటినీ విడదీసుకుంటాం. కాగితానికి గొంతు ఉండదు. సంజ్ఞా భాషలో ఆ మూడింటికీ మూడు వేర్వేరు సంజ్ఞలు. అక్కడ ఆ గందరగోళమే పుట్టదు.

పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారట కదా?

కొందరు, కొంత. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. క, గ గొంతులో పుడతాయి కాబట్టి అసలు కనిపించవు. డాక్టరుకు మాస్కు, మీసం ఉంటే ఆ కొంత కూడా పోతుంది.

ఇంట్లో మేమే సైగలతో చెప్పుకుంటాం. బయటి మనిషి ఎందుకు?

నా సంగతే చెబుతాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్నను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మాట చేరవేసే పని నాది. ‘రోజుకు ఎంత తాగుతారో అడుగు’ అన్నారు డాక్టరుగారు. అడిగాను. నాన్న రెండు వేళ్లు చూపించారు, రెండు క్వార్టర్లు. వెనక వరుసలో మా బడి టీచరుగారు కూర్చుని ఉన్నారు. నేను డాక్టరుగారికి ‘ఒకటి’ అని చెప్పాను. ఆయన ఒకటే రాసుకున్నారు. క్వార్టరు అంటే 180 ఎం.ఎల్., ఆ లెక్కను బట్టే వణుకు తగ్గించే మందు ఎంత ఇవ్వాలో ఆలోచిస్తారని నాకు చాలా ఏళ్ల తరువాత గానీ తెలియలేదు.

నాన్నకు చెవులు వినపడవు కాబట్టి నేను ఏం చెప్పానో ఆయనకు తెలియదు. డాక్టరుకు చేతులు తెలియవు కాబట్టి నాన్న ఏం చెప్పారో ఆయనకు తెలియదు. మధ్యలో తొమ్మిదేళ్ల పిల్ల సిగ్గు.

పెద్దవాళ్లు కూడా ఇదే చేస్తారు, కారణాలే వేరు. భార్య కోపంతో రెండింతలు చెబుతుంది. అన్న పరువు కోసం సగం దాస్తాడు. రోగి సమస్య ఇంట్లోవాళ్లే అయితే, వాళ్ల నోటితో వాళ్ల మీదే ఎలా చెప్పుకుంటాడు? మీ ప్రేమను ఎవరూ శంకించడం లేదు. కుటుంబం గదిలో ఉండాలి, కుటుంబంగా ఉండాలి. మాట మోసే పని ఇంకొకరికి ఇవ్వాలి. పిల్లలకైతే ఎప్పటికీ ఇవ్వకూడదు.

ఇంటి సైగలకు ఇంకో పరిమితి కూడా ఉంది. ‘తిన్నావా’, ‘డబ్బు ఇవ్వు’, ‘అత్త వచ్చింది’ వరకు అవి చక్కగా పనిచేస్తాయి. ‘ఎప్పటి నుంచి దిగులుగా ఉంది?’, ‘మళ్లీ తాగాలనిపించే ముందు మనసులో ఏం జరుగుతుంది?’ అనేవాటికి ఇంటి సైగల్లో సంజ్ఞలే ఉండవు.

ఇంటర్‌ప్రెటర్ ఎక్కడ దొరుకుతారు? డబ్బు ఎవరు ఇవ్వాలి?

అవసరానికి తగినంత మంది లేరు, ముందే చెబుతున్నాను. 2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైమాటే. అందులో సంజ్ఞా భాష వాడేవారు ఒక భాగమే అయినా, శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్ల సంఖ్య దాని ముందు ఏ మూలకూ రాదు. భారత పునరావాస మండలిలో నమోదైనవారికి ఒక నంబరు ఉంటుంది, అడిగి చూసుకోండి. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి, మాట లోపాలున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో, మీ జిల్లా బధిరుల సంఘంలో విచారించవచ్చు. మనిషి రాలేకపోతే వీడియో కాల్ కూడా పనికివస్తుంది. ఫోనును చేత్తో పట్టుకోకుండా బల్ల మీద నిలబెట్టండి, రోగికి రెండు చేతులూ కావాలి.

డబ్బు విషయంలో చట్టం మాట ఒకటి, వరండాలో జరిగేది ఇంకొకటి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 తగిన సర్దుబాట్లు చేయాలంటుంది. ఆ చట్టం ‘సంభాషణ’కు ఇచ్చిన నిర్వచనంలో సంజ్ఞలూ ఉన్నాయి. కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో సూపరింటెండెంటు పేరిట ఒక అర్జీ రాసి, రసీదు తీసుకోండి. నోటితో అడిగితే ‘చూద్దాం’ అంటారు. కాగితం ఇస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

చదువుకోని, పల్లెలో ఒంటరిగా పెరిగిన బధిరులకు నాలాంటివారు కూడా చాలరు. అప్పుడు బధిరుడే అయిన మరో ఇంటర్‌ప్రెటర్ కావాలి. అతను ఆ ఇంటి సైగలను పట్టుకుని నాకు చెబుతాడు, నేను డాక్టరుకు చెబుతాను. మొదట్లో నాకు ఇది చిన్నతనంగా అనిపించేది. రెండుసార్లు చూశాక ఆ అహం పోయింది.

ఇంటర్‌ప్రెటర్ మా విషయం బయట చెప్పేస్తే?

ఈ భయం న్యాయమైనదే. ఏ ఊళ్లోనైనా బధిరుల లోకం చిన్నది. ఆదివారం కలుసుకునే పార్కులో అందరికీ అందరూ తెలుసు, పైగా దూరం నుంచి కూడా చేతుల మాట కనిపిస్తుంది. గోప్యత మా వృత్తిలో మొదటి నియమం. చికిత్స వివరాల గోప్యత మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు. అయినా నమ్మకం కుదరకపోతే వేరే ఊరి ఇంటర్‌ప్రెటర్‌ను వీడియోలో అడగండి. వద్దని చెప్పే హక్కు రోగిది. నన్ను కూడా ఇద్దరు వద్దన్నారు, ఒకరు మా నాన్న స్నేహితుడు.

చట్టంలో సంజ్ఞా భాష ప్రస్తావన నిజంగా ఉందా?

ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 4వ సెక్షను చదవండి. చికిత్స గురించి సమాచారాన్ని రోగికి అర్థమయ్యే సులభమైన భాషలో గానీ, సంజ్ఞా భాషలో గానీ, బొమ్మల ద్వారా గానీ, మరే విధంగానైనా చెప్పాలని అక్కడ రాసి ఉంది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. కాబట్టి ‘ఇది డీ-అడిక్షన్, ఆ చట్టం మాకు వర్తించదు’ అంటే ఒప్పుకోకండి. రోగికి అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని సమ్మతి అనడం కుదరదు.

2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ సాయంతో విచారణలో పాల్గొన్నారు. సర్వోన్నత న్యాయస్థానానికి సాధ్యమైనది ఓపీ గదికి ఎందుకు సాధ్యం కాదో నాకు అర్థం కాదు.

గంజాయి అలవాటు ఉందని చెబితే కేసు పెడతారా?

సొంతంగా వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తానే ముందుకు వచ్చి గుర్తింపు పొందిన చోట చికిత్స తీసుకుంటే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందే వీలును మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షను కల్పించింది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇప్పటికే కేసు ఉంటే న్యాయవాదిని కలవండి.

వార్డులో చేతులు కట్టేశారు. అది తప్పా?

వినికిడి ఉన్న రోగికి చేతులు కడితే కదలిక ఆగుతుంది. బధిర రోగికి చేతులు కడితే నోరు కూడా కట్టేసినట్టే. దాహమని చెప్పలేడు, నొప్పి అని చెప్పలేడు, ‘విప్పండి’ అని కూడా చెప్పలేడు. చేతులు లేని మనిషి గొంతుతోనే అరుస్తాడు. ఆ అరుపు విని ‘ఇంకా తగ్గలేదు’ అని మరో గంట కట్టి ఉంచుతారు. ఇది నేను కళ్లారా చూసిన వలయం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 97వ సెక్షను ప్రకారం, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి, అది కూడా బాధ్యుడైన మానసిక వైద్యుడి అనుమతితో. శిక్షగానో, సిబ్బంది చాలరనో కట్టకూడదు. ఒంటరి గదిలో బంధించడం పూర్తిగా నిషేధం. తప్పనిసరై కట్టాల్సి వస్తే ఒక చేతికైనా కదిలే వీలుంచమని, తరచూ విప్పి మాట్లాడమని డాక్టరును అడగండి.

మనసు కుదుటగా ఉన్నప్పుడే ముందస్తు ఆదేశం రాసి పెట్టుకునే హక్కు కూడా ఇదే చట్టం ఇచ్చింది. ‘నాకు చికిత్స చేయాల్సి వస్తే ఇంటర్‌ప్రెటర్‌ను పిలవండి, నా చేతులు కట్టకండి, ఫలానా వ్యక్తి నా ప్రతినిధి’ అని అందులో రాయవచ్చు. ఒకసారి ఆసుపత్రిలో చేరి వచ్చిన ప్రతి బధిరుడికీ నేను చెప్పే మొదటి మాట ఇదే.

డాక్టరు జబ్బును తప్పుగా గుర్తించే ప్రమాదం ఉందా?

ఉంది, రెండు వైపులా. సంజ్ఞా భాషలో ముఖ కవళికలు, వేగం, చేతుల ఊపు మాటలో భాగం. తెలియనివారికి అది ఉద్రేకంలా కనిపిస్తుంది. భుజం తట్టి పిలవడం దాడిలా అనిపిస్తుంది. ఇక ‘చెవిలో గొంతులు వినిపిస్తున్నాయా?’ అన్న ప్రశ్న పుట్టు బధిరుడికి వింతగానే ఉంటుంది. అలాంటి అనుభవం ఉన్న బధిరుల్లో కొందరు కదిలే పెదవులు, సంజ్ఞలు చేసే చేతులు కనిపిస్తున్నట్టు చెప్పారని పరిశోధకులు నమోదు చేశారు. ప్రశ్నను ఆ రూపంలోకి మార్చి అడగాలి.

రెండో వైపు తప్పు మాలాంటివారిదే. రోగి సంజ్ఞలు నిజంగానే తెగిపోయి, అతుకు లేకుండా ఉంటే, ఇంటర్‌ప్రెటర్ అలవాటు కొద్దీ వాటిని ఏరి, కూర్చి, అందమైన తెలుగు వాక్యం చేసి చెప్పేస్తాడు. డాక్టరుకు అంతా సవ్యంగా వినిపిస్తుంది. అలాంటప్పుడు అనువాదం ఆపి, ‘ఈ మాటలకు అతుకు లేదు, ఈ సంజ్ఞ మూడుసార్లు తిరిగి వచ్చింది’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

14416కు బధిరులు ఫోను చేయవచ్చా?

14416 అంటే టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు. అది 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పలకడం, మాట్లాడడం అన్నచోటే చిక్కు. 108 కూడా అంతే. మేము చేసే ఉపాయం రెండు ఫోన్లు. ఒక ఫోనులో బధిరుడు నాతో వీడియోలో ఉంటాడు, రెండో ఫోనులో నేను 14416కు స్పీకరులో మాట్లాడతాను. సంగతేమిటో కౌన్సెలర్‌కు మొదటే చెప్పాలి. లేకపోతే మధ్యలో వచ్చే మౌనాన్ని చూసి లైను తెగిందనుకుంటారు.

చనిపోతానని సంజ్ఞ చేస్తున్నాడు. నిజంగానే అంటున్నాడా, కోపంలో అంటున్నాడా?

నిజంగానే అనుకోండి. సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, మాత్రలు, ప్రమాదకరమైనవి ఇంట్లోంచి తీసేయండి లేదా తాళం వేయండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రాణం మీదికి వస్తే 112 లేదా 108. అక్కడ ‘మందు తాగాడు’ అని మాత్రం చెప్పకండి, ఏది తాగాడో పేరుతో చెప్పండి, సీసా వెంట తీసుకెళ్లండి. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని 2017 చట్టం అంటోంది, కేసు భయంతో ఆలస్యం చేయవద్దు.

మద్యం మానేసినవారి గ్రూపు సమావేశాలు పనికివస్తాయా?

ఇంటర్‌ప్రెటర్ ఉంటే వస్తాయి. లేకపోతే ఇరవై మంది ఏడ్చి నవ్వే గదిలో గంటసేపు గోడ చూస్తూ కూర్చోవడమే. ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలని, మాట్లాడేవారు చేయి ఎత్తాలని ముందే చెప్పి ఒప్పించండి. బధిరులే నలుగురు కలిసి నడుపుకుంటే ఇంకా మేలు. ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. అతనితో అతని భాషలో మాట్లాడే స్నేహితులు నలుగురే అయి, ఆ నలుగురూ తాగేవారే అయితే, ‘స్నేహితులను మార్చుకో’ అన్న సలహాకు ‘భాషను వదులుకో’ అని అర్థం.

విదేశాల్లో ఎలా ఉంది?

అమెరికాలోని మిన్నెసోటాలో 1989 నుంచి బధిరుల కోసమే వ్యసన చికిత్స కార్యక్రమం నడిచింది. రాత పనికి బదులు బొమ్మలు గీయించడం వారి పద్ధతి. అక్కడి 988 సంక్షోభ సహాయ నంబరుకు 2023 సెప్టెంబరు నుంచి అమెరికన్ సంజ్ఞా భాషలో వీడియో సదుపాయం ఉంది. బ్రిటన్‌లో సైన్‌హెల్త్ సంస్థ 1986 నుంచి బధిరుల ఆరోగ్యం మీద పనిచేస్తోంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి: అమెరికన్ సంజ్ఞా భాష, భారతీయ సంజ్ఞా భాష వేరు. ఇక్కడి నుంచి కొత్తగా వెళ్లిన బధిరుడికి అక్కడి ఇంటర్‌ప్రెటర్ సంజ్ఞలు అంతుపట్టకపోవచ్చు.

నేను కౌన్సెలర్‌ను. సంజ్ఞా భాష రాదు. రేపే ఒక బధిర రోగి వస్తున్నారు, ఏం చేయను?

సమయం రెండింతలు కేటాయించండి. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, వెలుతురు మీ ముఖం మీద పడాలి. ఇంటర్‌ప్రెటర్ మీ పక్కనే కూర్చుంటారు, మీరు మాత్రం రోగిని చూస్తూ రోగితోనే మాట్లాడండి. ‘అతన్ని అడగండి’ అనవద్దు. ఎంత తాగుతారో తెలుసుకోవడానికి క్వార్టరు, హాఫ్, ఫుల్ ఖాళీ సీసాలు మూడు బల్ల మీద పెట్టండి, గోడ క్యాలెండరు దగ్గర ఉంచుకోండి. తల ఊపితే అర్థమైందని రాసుకోకండి. చిన్నప్పటి నుంచి అర్థం కాకపోయినా తల ఊపి బతికినవారు వాళ్లు. ‘నేను చెప్పింది మీరు నాకు చెప్పండి’ అనండి.

‘చెవిటి-మూగ’ అనవచ్చా?

వద్దు. వాళ్లకు మాట ఉంది. బధిరులు అనండి, లేదా వాళ్లే చెప్పుకున్నట్టు డెఫ్ అనండి.

కేంద్రంలో చేరగానే ఫోను లాక్కున్నారు. అందరికీ అదే నియమమట.

మిగతావారికి ఫోను వినోదం, బయటి స్నేహాలు, సరుకు తెప్పించుకునే దారి. నియమం వెనక కారణం ఉంది. కానీ వాళ్లకు ఫోను లేకపోయినా పక్క మంచం మనిషితో మాట్లాడుకోవచ్చు. బధిరుడికి ఆ వార్డు మొత్తంలో తన భాష తెలిసిన ఒకే ఒక్క చోటు ఆ ఫోను. అది తీసేస్తే ముప్పై రోజుల మౌనం. ఒక రాజీ మార్గానికి కొన్ని కేంద్రాలు ఒప్పుకున్నాయి: ఫోను నర్సుల బల్ల దగ్గర ఛార్జింగులో ఉంటుంది, ఉదయం అరగంట, సాయంత్రం అరగంట సిబ్బంది ఎదురుగా వీడియో మాట్లాడవచ్చు. రాత్రి లైట్లు ఆర్పేముందు ఇంకో పది నిమిషాలు కూడా అడగండి. చీకటి పడ్డాక అతనితో ఎవరూ మాట్లాడలేరు.